వరస లేని మనిషి

తెల్లదొరలు వెళ్ళిపోతూ మాకొక ఓడను వదిలి వెళ్ళారు. జెండా మేం కుట్టుకున్నాం, పాట మేం కట్టుకున్నాం, రాజ్యాంగం మేం రాసుకున్నాం. ఓడ మాత్రం వాళ్ళదే. పాతది, పొగ ఎక్కువ, వేగం తక్కువ. అయినా మా బికెనామో దీవులన్నిటికీ బియ్యం మోసినా, ఎండుకొబ్బరి మోసినా, నొప్పులు పడుతున్న ఆడదాన్ని ఆసుపత్రికి మోసినా అదొక్కటే. కాబట్టి మా దేశాన్ని ఏలడమంటే ఆ ఓడ ఎప్పుడు ఎటు వెళ్ళాలో చెప్పడమే. మిగతాదంతా ఉపన్యాసాలు.

ఈ మాట అంటే మా ఆయనకు కోపం. మా ఆయన బైతెకె ఈ దేశానికి మొదటి అధ్యక్షుడు. మొదటి ప్రతిపక్ష నాయకుడు ఊరియం స్వయానా మా అన్న. ప్రభుత్వమూ నా నెత్తినే పడింది, దాన్ని తిట్టేవాడూ నా నెత్తినే పడ్డాడు.

ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే పడవలో వేటకు వెళ్ళినవాళ్ళు, మిషన్ బడిలో ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్ళు. కుర్రతనంలో పక్కపక్క కొబ్బరిచెట్లెక్కి కల్లు గీసేవాళ్ళు. మాలో చెట్టెక్కిన మగాడు గట్టిగా పాడాలి, పైన మనిషున్నాడని కింద స్నానాలు చేసే ఆడవాళ్ళకు తెలియాలి కదా. వీళ్ళిద్దరూ ఆ పాటల్లోనే ఒకర్నొకరు తిట్టుకునేవాళ్ళు. ఊరంతా పని మానుకుని వినేది. తర్వాత అదే తిట్లు శాసనసభలో తిట్టుకున్నారు, పాట లేకుండా.

అధ్యక్ష పదవికి ఇద్దరూ నిలబడ్డారు. మా ఆయన కొద్దిలో గట్టెక్కాడు. ఓడిపోయిన మా అన్న మర్నాడు సాయంత్రమే మా ఇంటికొచ్చి, మా చాప మీద కూర్చుని, మా కల్లు తాగుతూ ప్రభుత్వాన్ని దుమ్మెత్తిపోశాడు. "బావా, నీ పాలనలో ఈ చేపల కూర ఒక్కటే బాగుంది. అదీ మా చెల్లెలు వండింది కాబట్టి," అన్నాడు. అప్పటి నుంచి అది రోజూ జరిగే తంతు అయిపోయింది. ఒక్క సాయంత్రం మా అన్న రాకపోతే మా ఆయనకు ముద్ద దిగేది కాదు.

మూడోవాడు మరెకో. రాజ్యాంగం రాసేటప్పుడు మా ఆయన ఒకటంటే మా అన్న ఇంకొకటనేవాడు. మరెకో ఇద్దరి మధ్యా కూర్చుని, ఇద్దరూ చల్లబడేదాకా ఆగి, ఇద్దరికీ నచ్చని మూడో మాట చెప్పేవాడు. చివరికి అదే రాసేవాళ్ళు. బయటి దేశాలవాళ్ళు వచ్చి ఫొటోలు తీసినప్పుడు మాత్రం అతను ఎప్పుడూ అంచున ఉండేవాడు, ఎవరూ తోయకపోయినా.

ఎందుకో తెలియాలంటే మా పెద్దపాక గురించి చెప్పాలి. ఊరి సభలూ విందులూ అన్నీ ఆ తాటాకు చూరు కిందే. అందులో ఎవరి చోటు వాళ్ళది, ఒక్కో స్తంభం కింద ఒక్కో వంశం. తాత కూర్చున్న చోటే మనవడు కూర్చుంటాడు. ఆ చోటు లేనివాడికి భూమి లేదు, చచ్చాక పాతిపెట్టడానికి జాగా లేదు. పడమటి చూరు కింద పరాయివాళ్ళకని కాస్త జాగా వదులుతారు. గాలివానకు దారి తప్పి వచ్చినవాళ్ళూ, వర్తకులూ అక్కడ కూర్చుంటారు. మరెకో చోటు అదే.

అతను పసివాడిగా ఉన్నప్పుడు మా తీరానికి ఒక పడవ కొట్టుకొచ్చింది. అందులోని పెద్దవాళ్ళిద్దరూ అప్పటికే పోయారు, బిడ్డ బతికున్నాడు. మాలో పిల్లల్ని పెంచుకోవడం వింత కాదు, ప్రతి ఇంట్లోనూ ఇంకొకరి బిడ్డ పెరుగుతూనే ఉంటుంది. కానీ కన్నవాళ్ళను అడిగి తెచ్చుకోవాలి. అడక్కుండా తీసుకుంటే అది దొంగతనం. ఈ బిడ్డ కోసం ఎవర్ని అడగాలి? ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో చూద్దాం అన్నారు పెద్దలు. అందాకా మిషన్ ఫాదర్ దగ్గర ఉంచారు. చూద్దాం చూద్దాం అంటూ నలభై ఏళ్ళు చూశారు. ఎవరూ రాలేదు, ఎవరూ తీసుకోనూ లేదు. పిల్లనివ్వాలన్నా ఏ స్తంభం వాడని అడుగుతారు కనుక పెళ్ళీ కాలేదు.

మా దీవుల్లో వరస పెట్టకుండా ఎవర్నీ పిలవం. మా పిల్లలు ఊళ్ళో ప్రతి మగాణ్ణీ మామయ్యో బాబాయో అంటారు. అతన్ని మాత్రం మరెకో అనేవాళ్ళు. అతనూ ఎవర్నీ వరస కలిపి పిలిచేవాడు కాదు. నన్ను ముక్కు చీదుకునే వయసు నుంచి ఎరిగినవాడు, నాకంటే పెద్దవాడు, అయినా కటియా గారూ అనేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత రాలేదు.

స్వతంత్రం వచ్చిన కొత్తలో ఓడ మా ఆయన చేతిలోనే ఉండేది. మాలో బుబుతి అని ఒక ఆచారం ఉంది. వరసైనవాళ్ళు ఎదురుగా కూర్చుని ఫలానాది ఇవ్వమని నోరు తెరిచి అడిగితే కాదనకూడదు. పడవైనా అంతే, ఒంటి మీది చొక్కా అయినా అంతే. కాదంటే సిగ్గు అడిగినవాడికి కాదు, లేదన్నవాడికి. ఆ మచ్చ చచ్చేదాకా పోదు. అందుకే మాలో అడుక్కుతినేవాళ్ళు లేరు, కూడబెట్టినవాళ్ళూ లేరు. రాజ్యాంగం రాసినప్పుడు ముగ్గురికీ ఈ ఆచారం గుర్తే రాలేదు. ఊపిరి పీలుస్తున్నామని ఎవరికి గుర్తుంటుంది?

మా ఆయన మేనత్త ఇంటికప్పుకు ఆకు తెప్పించుకోవాలని ఓడ అడిగింది. ఇచ్చాడు. పినతండ్రి కొడుకు పెళ్ళికి పందులు దించాలన్నాడు. ఇచ్చాడు. ఇలా కాదని ఓడ కోసం ఒక మంత్రిని వేస్తే, ఆ మహానుభావుడు చర్చి పాటల పోటీ కోసం అత్తవారి ఊళ్ళోవాళ్ళందర్నీ ఎక్కించుకుని దక్షిణ దీవులన్నీ తిప్పాడు. ఆ రోజుల్లోనే ఉత్తరాన అబెతు దీవిలో ఒక చూలాలికి బిడ్డ అడ్డం తిరిగింది. అక్కడివాళ్ళు రేడియోలో ఓడ పంపండి, ఓడ పంపండి అని అడుగుతూనే ఉన్నారు. ఓడ పాటల పోటీలో ఉంది. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

ఆ కబురు వచ్చిన సాయంత్రం మా ఆయన కల్లు ముట్టలేదు. మా అన్న దొరికిందే సందని మీద పడతాడనుకున్నాను. పడలేదు. మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, "నీ చోట నేనున్నా ఇచ్చేవాణ్ణే బావా. మా అత్త వచ్చి ఎదురుగా కూర్చుంటే నేను మాత్రం ఏమంటాను? మనలో కాదనగలిగిన మొగాడు ఎవడున్నాడు? చుట్టమనేవాడు లేనివాడు ఎవడైనా ఉంటే వాడి చేతికివ్వాలి," అన్నాడు.

అని ఆగిపోయాడు. మా ఆయనా తలెత్తాడు. ఇద్దరూ ఒకేసారి చాప చివర చేప ముల్లు తీసుకుంటున్న మరెకో వైపు తిరిగారు.

మరెకో వాళ్ళిద్దర్నీ చూసి నవ్వేశాడు. "ఇన్నాళ్ళకు నా చుట్టరికం లేనితనం ఒక ఉద్యోగానికి పనికొచ్చిందన్నమాట," అన్నాడు. అందరం నవ్వాం. నవ్వాల్సింది కాదని నాకు వెంటనే అనిపించింది.

మరెకో ఓడ మంత్రి అయ్యాడు. రేవులో చిన్న గది వేసుకుని బియ్యం, మందులు, రోగులు, బడిపిల్లలు, ఆ తర్వాతే ఎవరైనా అని చెప్పేశాడు. జనం మామూలుగానే వచ్చారు, ఎదురుగా కూర్చున్నారు, అడిగారు. అతను మర్యాదగా కొబ్బరినీళ్ళిచ్చి కుదరదన్నాడు. వాళ్ళకు అదొక కొత్త అనుభవం. కొందరికి అర్థం కాక మళ్ళీ అడిగారు.

మా అత్తగారు చేమదుంపలు దించుకోవాలని స్వయంగా వెళ్ళింది. నేను అధ్యక్షుడి తల్లిని అందట. తెలుసండీ అన్నాడట. నీకూ తల్లిలాంటిదాన్ని అందట. "లాంటివారే కదండీ," అన్నాడట. ఆవిడ ఇంటికొచ్చి ఆ మనిషినీ, ఆ ఓడనూ, స్వతంత్రాన్నీ కలిపి తిట్టింది. దొరల కాలంలో అడిగితే కనీసం తిట్టి పంపేవాళ్ళు, వీడు నీళ్ళిచ్చి పంపుతున్నాడని ఆవిడ బాధ.

కానీ ఓడ మాత్రం చెప్పిన వేళకు చెప్పిన దీవికి వెళ్ళడం మొదలుపెట్టింది. అబెతులో బియ్యం అయిపోకముందే బియ్యం దిగింది. ఆ తర్వాత ఏ చూలాలూ తీరాన కూర్చుని సముద్రం వైపు చూస్తూ చావలేదు. ఉత్తరాది ఆడవాళ్ళు అతని కోసం ఎండు చేపలు పంపేవాళ్ళు. అవి కూడా తిప్పి పంపేవాడు, తీసుకుంటే వరస కలుస్తుందని.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఉత్తరం మా ఆయనది, దక్షిణం మా అన్నది. నడిమి దీవులు మాత్రం ఎవరు ముందొచ్చి కూర్చుని మాట్లాడితే వాళ్ళవి. తెరచాప పడవలో వెళ్తే గాలి ఎటు తోస్తే అటు. ఓడ దొరికినవాడికి పదవి దొరికినట్టే. మా ఆయన అధ్యక్ష హోదాలో అడిగాడు. మా అన్న స్నేహితుడి హోదాలో అడిగాడు. మరెకో ఇద్దరికీ ఒకే జవాబిచ్చాడు. ఓడ ఓటు పెట్టెల్ని మోస్తుంది, ఓట్లు అడిగేవాళ్ళను మోయదు అన్నాడు.

ఆ తర్వాతి ఊరి సభలో మా అన్న మా స్తంభం కింద లేచి నిలబడ్డాడు. ఓడ ఊసెత్తలేదు. ఒక పడవ గురించి మాట్లాడాడు. మన తీరానికి సముద్రం ఒక బిడ్డను తెచ్చి పెడితే మనం చూద్దాం అన్నాం, ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం, అతను మన మధ్యనే పెరిగి మన దేశాన్ని కట్టాడు, ఇంకా పడమటి చూరు కిందే కూర్చుంటున్నాడు అన్నాడు. "మా అమ్మకు కొడుకుగా అతన్ని అడుగుతున్నాను. మా స్తంభం కింద నా పక్కన చోటు, మా చేమగుంటల్లో వాటా, మా సమాధుల దగ్గర జాగా. సముద్రాన్ని అడిగేశాను. అది వద్దనలేదు," అన్నాడు.

పాకలో ఏడవనివాళ్ళు లేరు. నేనూ ఏడ్చాను. మా అమ్మ కంటిచూపు సగం పోయినా తడుముకుంటూ పడమటి వైపు వెళ్ళి మరెకో చెయ్యి పట్టుకుంది. మరెకో తల దించుకుని, వచ్చే సభలో జవాబు చెబుతానన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. మీ అన్న గాలమేశాడు, ఎర ఏం పెట్టాడో చూశావా అన్నాడు. తమ్ముడయ్యాక అన్న అడిగితే మరెకో కాదనలేడు, మర్నాడే ఓడ నడిమి దీవులకు బయల్దేరుతుంది, నా పని అయిపోయిందన్నాడు. అలా తిరుగుతూ తిరుగుతూ మధ్యలో ఆగాడు. వేళ్ళు మడిచి ఏదో లెక్కేసుకున్నాడు.

"మీ అమ్మకు కొడుకైతే నీకు అన్నయ్య కదూ. అంటే నాకు బావ," అన్నాడు. ముఖం విప్పారింది. "నేనూ అడగొచ్చు."

చేతిలో గరిటె ఉంటే విసిరేదాన్నే. ఏం లాభం, మర్నాటి నుంచి మా ఆయన ఎక్కడికి పోయినా ఇది పుణ్యకార్యం, ఎప్పుడో జరగాల్సిందని చెప్పుకు తిరిగాడు. అధ్యక్షుడూ ప్రతిపక్షమూ ఒక్కటైనందుకు ఊరు మురిసిపోయింది. నిజానికి ఇద్దరూ చోటు ఇవ్వగానే ఎవరు ముందు అడగాలా అని కాచుకుని కూర్చున్నారు.

నేను మా అన్న దగ్గరికి వెళ్ళాను. పడవకు తాళ్ళు బిగిస్తున్నాడు. ఇది మరెకో కోసమా ఓడ కోసమా, ఒట్టేసి చెప్పమన్నాను.

"రెండింటికీ," అన్నాడు మా అన్న. "అబద్ధం ఆడమంటావా? ఓడ కోసం ఆలోచించడం మొదలుపెట్టాను. పాకలో లేచి మాట్లాడుతుంటే మాత్రం ఓడ సంగతే మర్చిపోయాను. రెండూ ఉంటే ఇచ్చింది ఇచ్చినట్టు కాదా, చెల్లీ?"

మా అన్న అబద్ధం ఆడి ఉంటే తిట్టి వచ్చేదాన్ని.

అక్కడి నుంచి రేవుకు వెళ్ళాను. మరెకో ఓడ అంచున కూర్చుని తుప్పు గోకుతున్నాడు. మంత్రి అయినా ఆ పని మానలేదు. నేనేం అడగబోతున్నానో అతనికి తెలుసు.

"ఊరియం ఎందుకు ఇస్తున్నాడో నాకు తెలియదనుకుంటున్నారా, కటియా గారూ? బైతెకె లెక్క కూడా తెలుసు," అన్నాడు. "తెలిసినా నాకు కావాలి. ఆకలితో ఉన్నవాడు అన్నం ఎందుకు వండారని అడగడు. మీ అమ్మగారు చెయ్యి పట్టుకున్నప్పుడు వదిలించుకోవాలనిపించలేదు. ఆ పెద్దావిడను అమ్మా అని పిలవాలని నాకు ఆరేళ్ళప్పటి నుంచీ ఉంది."

మరి ఓడో అన్నాను.

"వదిలేస్తాను. ఓడా, చోటూ రెండూ ఒకే మనిషి దగ్గర ఉండకూడదు. మీవాళ్ళిద్దరూ అడగకముందే వదిలేస్తాను."

"వదిలెయ్. ఓడ ఏమైనా కానీ, చోటు మాత్రం వదలకు అన్నయ్యా," అన్నాను.

గోకుతున్న చెయ్యి ఆగింది. ఇంకా కాదండీ, సభ కానివ్వండి అన్నాడు కానీ, ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చేదాకా నాకూ కాళ్ళు నేల మీద నిలవలేదు. అతనికి దక్కాల్సింది అతనికి దక్కుతోందని అంత సంతోషపడ్డాను.

సభ రోజుకు మా అమ్మ పందిని కోయించింది. మా వాళ్ళ సమాధుల పక్కన గడ్డి పీకించి తెల్లటి గులకరాళ్ళు పోయించింది. సీమపనస కాయలు కాల్చాం, చేమదుంపలు ఉడికించాం, డబ్బా మాంసం కూడా తెప్పించాం. ఉత్తర దీవుల నుంచి పెద్దలు వచ్చారు. వాళ్ళను తెచ్చింది ఓడే.

మరెకో పడమటి చూరు కింద లేచాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. ఊరియం ఇచ్చిన మాటను నెత్తిన పెట్టుకుంటున్నానన్నాడు. పాకంతా సంతోషంగా గుసగుసలాడింది. అందుకని ఓడ పని ఈ రోజుతో మానుకుంటున్నాను, చుట్టాలున్నవాడి చేతిలో అది ఉండకూడదన్నది మీ అందరి తీర్మానమే అన్నాడు. పాక ఒక్కసారిగా చల్లబడింది.

మా ఆయన ముఖమూ మా అన్న ముఖమూ చూడాలి. అంత కష్టపడి వేసిన వల ఖాళీగా పైకొచ్చింది. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది కూడా. సరే, ఇప్పుడు చోటు ఇస్తారో లేదో చూద్దాం అనుకున్నాను.

అప్పుడు అబెతు పెద్ద తెబావు లేచాడు. నొప్పులతో చచ్చిపోయిన ఆ పిల్లకు మామగారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"మరెకోకు చోటు రావడం న్యాయమే. ఎవరూ కాదనరు," అన్నాడు. "మరి ఓడ ఎవరి చేతికి? ఒక్క పేరు చెప్పండి. మీ దీవిలో కానీ మా దీవిలో కానీ, అత్తా లేక, అన్నా లేక, అడిగితే కాదనగలిగిన మనిషి ఇంకొకడెవడో చెప్పండి, మేం వెళ్ళిపోతాం."

ఎవరూ చెప్పలేదు. స్తంభం స్తంభం వంక చూశాను. అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు.

మా ఆయనా మా అన్నా ఆ చివర్నుంచి ఈ చివరకు ఒకర్నొకరు చూసుకున్నారు. వాళ్ళ చూపులు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒకే పడవలో ఉండి, గాలి మళ్ళిందని నోటితో చెప్పుకోకుండానే ఇద్దరూ తెరచాప దించేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళేం చేయబోతున్నారో నాకు అర్థమైంది.

మా అన్న లేచాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం మాలో ఎంత నీచమో చెప్పలేను, ఆ ఇంటివాళ్ళ పేరు చెప్పుకుని తరాల తరబడి పాటలు కడతారు. "నా మాట వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు మా అన్న. మా అమ్మ ఏమన్నాడు, ఏమన్నాడు అని నన్ను గిల్లింది.

మా ఆయన తన స్తంభం వదిలి, పాక మధ్య నుంచి నడిచి వచ్చి మా అన్న పక్కన నిలబడి భుజం మీద చెయ్యేశాడు.

"ఈ సిగ్గు మా బావ ఒక్కడిదే కాదు. సగం నాది," అన్నాడు. తర్వాత ఇద్దరూ పడమటి వైపు తిరిగారు, మా ఆయనే మాట్లాడాడు. "మరెకో, నువ్వు ఉన్నచోటే ఉండు. దేశం కోసం అడుగుతున్నాం. నీకు మేం ఏమీ కాం కాబట్టి నువ్వు కాదనొచ్చు. కాదన్నా నీకు మచ్చ లేదు."

జనం ఆ ఇద్దర్నీ చూసి కరిగిపోయారు. ఇన్నేళ్ళు తిట్టుకున్న స్నేహితులు దేశం కోసం సిగ్గు పంచుకున్నారని ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడవాళ్ళు స్తంభం ముందుకొచ్చి మాట్లాడరు. నేను వచ్చాను. వాళ్ళు పంచుకున్న సిగ్గు పూటకు ఆరిపోతుంది, పోయేది అతని బతుకు అన్నాను. ఓడ మునిగిపోతే మునిగిపోనీ, అతన్ని ఇంటికి రానివ్వండి అన్నాను.

తెబావు నా వైపు కోపంగా చూడలేదు. "ఓడ మునిగినా మీ ఊళ్ళో ఆసుపత్రి ఉంది తల్లీ. మాకు లేదు," అన్నాడు.

వెనక్కి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను.

అందరూ మరెకో వైపు చూశారు. కాదంటాడనే అనుకున్నాను. కాదనడం అతనికి చేతనైనంతగా మా దేశంలో ఎవరికీ చేతకాదు. మా అత్తగారికి కాదన్నాడు, అధ్యక్షుడికి కాదన్నాడు, ఎండు చేపలకు కూడా కాదన్నాడు. మరెకో చూరు బయటికి, సముద్రం వైపు చూశాడు.

"సరే," అన్నాడు. వంగి, లేచిన చోటే కూర్చున్నాడు.

పాక ఊపిరి తీసుకుంది. ఎవరో పాట అందుకున్నారు. ఆ ఎన్నికలకు మా ఆయనా మా అన్నా ఒకే తెరచాప పడవలో బయల్దేరారు, దారి పొడుగునా తిట్టుకుంటూ, దీవి దీవిలో ఒకర్నొకరు ఓడించమని చెప్పుకుంటూ. అంత బాగా వాళ్ళు ఎప్పుడూ కలిసి లేరు. ఎవరు గెలిచారన్నది నేను పట్టించుకోలేదు.

ఆ రోజు సంగతి ఇంకొక్కటే ఉంది. వండిన విందు వడ్డించాలి కదా. మా పెద్దపాకలో విందుకు ఒక పద్ధతుంది. ముందు పరాయివాళ్ళ చోటులో ఉన్నవాళ్ళకు మంచి ముక్కలు ఏరి పెడతారు. వాళ్ళు మొదలుపెట్టాకే మిగతావాళ్ళు చెయ్యి కడుగుతారు. ఇంటి కొడుకులు వడ్డించి వడ్డించి అందరికంటే ఆఖర్న, మిగిలింది తింటారు. ఉత్తరాది పెద్దలకు చుట్టాలున్న స్తంభాలున్నాయి, వాళ్ళు అటు వెళ్ళి కూర్చున్నారు. పడమటి చూరు కింద మరెకో ఒక్కడే మిగిలాడు.

నేను వడ్డిస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. ఆకు తనే పట్టుకుంది. నేను మోచెయ్యి పట్టుకుని నడిపించాను. తొడ మాంసం, గుండెకాయ, కాల్చిన సీమపనస అన్నీ అందులోనే ఉన్నాయి. అమ్మ దాన్ని అతని ముందు పెట్టి తిరిగి వచ్చేసింది. ఎవరి ముందూ ఇంకా ఆకులు లేవు. అతను ముద్ద ఎత్తితే గానీ పాకలో ఎవరూ తినడానికి లేదు. మా ఆయనా మా అన్నా ఒకే స్తంభానికి వీపులు ఆనించి కూర్చుని నేల చూపులు చూస్తున్నారు. మరెకో చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆకు వంక చూస్తూ ఉండిపోయాడు. పిల్లలకు ఆకలేస్తోందని వెనక నుంచి ఎవరో అన్నారు. అప్పుడు తినడం మొదలుపెట్టాడు.